ముందు అద్దం

గరగర... గరగర...

వైశాలి చేతిలో గడువు తీరిన మెడికేర్ ప్లాస్టిక్ కార్డు. దాంతోనే కారు ముందు అద్దం మీది మంచు గీకుతోంది.

ఇంకా తెల్లవారలేదు. ట్రుగనీనాలో జూలై అంటే నడి చలికాలం. చలి ఎముకలు కొరికేస్తోంది.

వైపర్ వేస్తే మరీ ఘోరం! పక్కన కడుతున్న ఇళ్ళ దుమ్మంతా మంచులో కలిసి బురదలా పులుముకుంది. ఛీ!

వెనక సీటు కింద దుప్పటి కప్పుకుని గీతిక. పక్కింటి అమ్మాయి. పెదవి చిట్లి ఉంది. రాత్రి మొగుడు కొట్టిన దెబ్బ.

"అక్కా... ఆయన లేస్తే చంపేస్తాడు!"

"లేవనీ. నువ్వు మాత్రం తల ఎత్తకు."

పోలీస్ స్టేషన్ ఎంతో దూరం లేదు. కానీ రోడ్డు కనబడొద్దూ?

ఇంజిన్ ఆన్‌లోనే ఉంది. హీటర్ ఊదుతూనే ఉంది. ఇంతసేపూ కరిగింది చపాతీ అంత!

పక్కింటి తలుపు తెరుచుకుంటుంది...

విష్ణువర్ధన్! గీతిక మొగుడు. చేతిలో పొగలు కక్కే కెటిల్. పెళ్ళాం అలిగి వెనక గదిలో పడుకుందనుకుంటున్నాడు.

"ఏంటి వైశాలి గారూ, కార్డుతోనా? జరగండి, వేడినీళ్ళు పోస్తా. టక్కున పోద్ది."

"వద్దండీ. అద్దం పగులుద్ది."

"నాకు చెప్తారా? పోయినేడు మా ఆవిడా ఇదే వాగింది. ఒక్కటిచ్చా. నోరు మూసింది."

నవ్వుతున్నాడు!

వైశాలికి ఒళ్ళు మండిపోతోంది. పోయినేడు అలా పోసినప్పుడే అతని కారు అద్దానికి చిన్న పగులొచ్చింది. ఈ రోజుకీ అలాగే ఉంది.

కెటిల్ వంచుతున్నాడు...

వైశాలి అడ్డం నిలబడుతుంది.

"నా కారు ముట్టుకుంటే ఊరుకోను!"

"ఇదేం పొగరండీ? సాయం చేస్తానంటే..."

"అక్కర్లేదన్నానా!"

మూతి విరిచి వెనక్కి తిరుగుతాడు. ఒక అడుగు...

ట్రింగ్ ట్రింగ్ ట్రింగ్!

కారు లోపలి నుంచి!

అతని లంచ్ బాక్స్ కోసం గీతిక రోజూ ఫోన్‌లో పెట్టుకునే అలారం. ఇవాళ ఆపడం మర్చిపోయింది!

ఆ మోత అతనికి బాగా తెలుసు.

"గీతికా!"

వెనక డోర్ గుంజుతున్నాడు. మంచుకి బిగుసుకుపోయి రావట్లేదు. వైశాలి ఒక్క ఉదుటున డ్రైవర్ సీట్లో పడుతుంది. టక్! లాక్.

ధన్! ధన్! అద్దం మీద పిడికిలి.

"డోర్ తియ్యి! అది నా పెళ్ళాం!"

"అయితే?"

"తీస్తావా లేదా?"

"తియ్యను! ఏం చేసుకుంటావో చేసుకో పో!"

గేర్ మారుస్తుంది. టైర్లు జారతాయి... పట్టు దొరుకుతుంది! చపాతీ అంత కన్నంలోంచి ముక్క రోడ్డు.

స్పీడ్ పెంచే వీల్లేదు. పెంచితే ఎవరినైనా గుద్దేస్తుంది. ఇలా పాకితే వాడు పట్టేస్తాడు!

ముందే తుడుచుకున్న సైడ్ మిర్రర్‌లో చూస్తుంది. విష్ణువర్ధన్ తన కారు దగ్గరికి పరిగెడుతున్నాడు. దాని నిండా మంచు. చేతిలో కెటిల్ అలాగే ఉంది.

ఎత్తాడు. మొత్తం కుమ్మరించాడు.

ఫట్!!

తుపాకీ పేలినట్టే!

గీతిక కెవ్వుమంటుంది. "అక్కా, గన్ను!"

"గన్ కాదే! వాడి అద్దం!"

పాత పగులు ఈ చివరి నుంచి ఆ చివరికి పాకింది. అద్దమంతా సాలెగూడు. దాని ముందు ఖాళీ కెటిల్‌తో విష్ణువర్ధన్, నోరు తెరుచుకుని!

గీతిక దుప్పటి విసిరేస్తుంది. లేచి కూర్చుంటుంది.

"పగులుద్దని చెప్పానక్కా. చెప్పినందుకే కొట్టాడు."

అలారం ఇంకా మోగుతోంది. డిలీట్ కొడుతుంది.

"ఇంక వాడి బాక్స్ వాడే కట్టుకుంటాడు."

హీటర్ వేడికి ముందు అద్దం మీది మంచు జారిపోతోంది. గీతిక సీట్ల మధ్య నుంచి ముందుకు వంగి, అద్దం లోపల పట్టిన ఆవిరిని చున్నీతో పరపరా తుడిచేస్తుంది.

"పోనీ అక్కా. రోడ్డు కనబడుతోంది!"