పసుపు చెక్క

పశువుల కొట్టంలో అటక మీద బొమ్మ లేదు! కింద రెండు అడ్డకర్రలు, పీకేసిన మేకులు మాత్రం పడి ఉన్నాయి. కౌసల్య అటకంతా మళ్లీ వెతికింది. రేపు పొద్దున్నే కూతురు వసుధ ఆ బొమ్మ తీసుకొని కుప్పం పోవాలి. అక్కడ రైల్వేలో పనిచేసే మేనమామ మునిస్వామి ఆమెను రైల్లో బెంగళూరు తీసుకుపోతాడు. బొమ్మల కాలేజీలో సీటు కావాలంటే సొంతంగా వేసిన బొమ్మ చూపించాలి. నాలుగు నెలలు కూర్చొని వసుధ వేసింది ఆ ఒక్కటే...

భర్త రెడ్డెప్ప నిమ్మనపల్లె దగ్గర టమోటా రైతు. తెల్లవారుజామునే లోడు మదనపల్లె మండీకి పంపేసి, గడప మీద కూర్చొని సంగటి తింటున్నాడు. అడిగితే తల ఎత్తకుండానే చెప్పాడు.

"పెట్టెలకు సెక్కలు తక్కువొచ్చినాయి. అటక మింద ఆరుండాయి, పీకి కొట్టేస్తి. బ్రష్షు తుడుసుకున్న సెక్కలు గదా అవి."

అతను అబద్ధం చెప్పలేదు, అతని కంటికి అవి అట్లానే కనపడ్డాయి. కౌసల్యకు ఎక్కువ నొప్పి పెట్టింది అదే. గుడ్డ, చట్రం కొనివ్వమని నాయనను అడగలేక, టమోటా పెట్టెల చెక్కలనే ఆరింటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, వెనక అడ్డకర్రలు కొట్టి, వాటి మీద బొమ్మ వేసుకుంది ఆ పిల్ల. అందులో చెట్టు లేదు, కొండ లేదు, మనిషి లేడు. కింది మూడు చెక్కల నిండా ఎరుపు. పై రెండింటి నిండా బూడిద రంగు. నడుమ ఒక్క చెక్క పసుపు. కౌసల్యకూ మొదట అర్థం కాలేదు. ఇదేం బొమ్మ అని అడిగితే వసుధ నింపాదిగా చెప్పింది.

"చెట్టు గీస్తే చెట్టే కనపడతాది మా. ఆ పొద్దు మనకెట్లుండిందో కనపడదు."

ఆ పొద్దు...! పోయిన ఏడు, తొంభై ఆరులో, ధర లేదని రెడ్డెప్ప కోతకొచ్చిన తోటలోకి ఎద్దులను తోలి తొక్కించేసిన రోజు. ఇంటిదానితో ఒక్క మాట అనలేదు. ఆ తోటకు నీళ్లు కట్టింది, కలుపు తీసింది, కట్టెలు నాటి తీగలెత్తి కట్టింది కౌసల్య. నేలంతా ఎర్రగా చితికిపోతుంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పొలం గట్టు మీద నిలబడి చూస్తూనే ఉంది. ఏమైనా తిన్నావా అన్న మనిషి లేడు. ఆ రోజు తాను పసుపు చీర కట్టుకుందని ఆమెకే గుర్తు లేదు. కూతురికి గుర్తుంది! పసుపు చెక్క మీద వేలు పెట్టి, ఇది నువ్వేనని చెప్పింది. ఇరవై ఏళ్ల కాపురంలో తనను చూసిన మనిషి ఒకరున్నారని కౌసల్యకు అప్పుడే తెలిసింది...

ఒంటరిగా ఊరు దాటి ఎరగని కౌసల్య, మొగుడికి చెప్పకుండా మదనపల్లె బస్సెక్కింది. మండీలో మగవాళ్ల మధ్య పెట్టె పెట్టెనూ తిప్పి చూస్తుంటే హమాలీలు నవ్వారు.

"ఏమక్కా, టమోటాల్లో కమ్మలు పడిపోయినాయా?"

"కమ్మలైతే వదిలేసుందునప్పా. నా బిడ్డ బొమ్మ పొయ్యింది."

నవ్వు ఆగిపోయింది. వాళ్లే కాయలు వేరే పెట్టెల్లోకి వంచి చెక్కలు పీకి ఇచ్చారు. మూడు ఎర్రవి, రెండు బూడిదవి. పసుపుది లేదు. ఆ పెట్టె పుంగనూరు వ్యాపారి కొన్నాడంటే అక్కడికీ పోయింది. అప్పటికే సరుకు అంగళ్లకు చెదిరిపోయింది.

సాయంత్రం వసుధ ఐదు చెక్కలనూ మళ్లీ బిగించింది. నడుమ కొత్త చెక్క పెట్టి పసుపు పూయమని తల్లి బతిమాలింది. ఆ రంగు మళ్లీ రాదంది కూతురు. ఖాళీని ఖాళీగానే తీసుకొని బెంగళూరు పోయింది. బొమ్మ పూర్తి కాలేదు, వచ్చే ఏడు రమ్మన్నారు కాలేజీవాళ్లు.

ఇంట్లో మాటలు పోయాయి. వసుధ నాయన ఎదుట కూర్చొని తినడం మానేసింది. ఆ ఎరుపు ఏ పొద్దుదో, ఆ పసుపు ఎవరో కౌసల్య భర్తకు ఒక్కసారే చెప్పింది.

"ఆ పొద్దు నువ్వు నన్ను సూడలేదు. బిడ్డ సూసింది. అది ఏసిన బొమ్మను గూడా మండీకి తోలితివి."

సరుకు అమ్ముడయ్యాక ఖాళీ పెట్టెలు వాటి మీది రైతు గుర్తును బట్టి తిరిగి వస్తాయి. అంతవరకూ వాటిని తాకి చూడని రెడ్డెప్ప, ఆ రోజు నుంచి ఒక్కో పెట్టె ఎత్తి నాలుగు పక్కలా చూడసాగాడు. రెండు నెలలకు దొరికింది. పసుపు మీద టమోటా రసం కారి మరకలు కట్టింది. మేకు దిగిన చోట చెక్క చీలింది. అతను మేకులు మెల్లగా పీకి, తెచ్చి భార్యకు అందించబోయాడు. ఆమె అందుకోలేదు.

"నాకొద్దు. బిడ్డకియ్యి."

వసారా దాటడానికి అతనికి చాలాసేపు పట్టింది. వసుధ తీసుకుంది. మరక తుడవలేదు, చీలిక పూడ్చలేదు. ఉన్నదున్నట్టు ఖాళీలో కొట్టేసింది. కౌసల్య కళ్లు ఒత్తుకుంది. ఇప్పుడే ఆ చెక్క అచ్చం తనలా ఉంది...

మరుసటి ఏడు సీటు వచ్చింది. కౌసల్యకు మాత్రం సీటుకంటే కుప్పం స్టేషనే ఎక్కువ గుర్తు. ఎవరూ పిలవకపోయినా రెడ్డెప్ప వెంట వచ్చాడు. పుంగనూరులో బస్సు మారినప్పుడు కూడా బొమ్మను భుజం మీంచి దించలేదు. రైలు వచ్చింది. మునిస్వామి లోపలి నుంచి చేతులు చాచాడు. రెడ్డెప్ప బొమ్మ ఎత్తబోయి ఆగిపోయాడు.

"ఏది పైపక్క?"

ఇంట్లోవాళ్లను అతను ఏదైనా అడగడం కౌసల్య వినడం అదే మొదటిసారి. వసుధ తల్లి వైపు చూసింది. తల్లి ముఖం తిప్పుకుంది.

"ఎరుపు కిందికి రావల్ల, నాయనా" అంది వసుధ. ఏడాది తర్వాత మొదటి పిలుపు!

అతను బొమ్మను తిప్పి, ఎరుపు కిందికి వచ్చేలా పట్టుకొని అందించాడు. రైలు వెళ్లిపోయింది. ఫ్లాట్‌ఫారం ఖాళీ అయ్యాక భార్య దగ్గరికి వచ్చి, పట్టాల వైపు చూస్తూ అడిగాడు.

"ఏమన్నా తింటివా?"

రెండేళ్లు ఆలస్యంగా వచ్చిన మాట అది. కౌసల్య అతన్ని క్షమించలేదు. బదులు మాత్రం చెప్పింది.

"లేదు."