కివిరాంత స్టాపు బూడిదరంగు మనిషి

చీకటి పడ్డాక కివిరాంత స్టాపులో దిగొద్దు... ఆ ఏడు నవంబరులో హెల్సింకిలో ట్రాము ఎక్కిన ప్రతివాడి చెవినా ఈ మాట పడింది.

స్టాపుకి ఒక పక్క నల్లటి బండ. రెండో పక్క శ్మశానం గోడ. గోడ వెంట తెల్లబెరడు చెట్లు, ఆకు ఒక్కటి లేకుండా. మధ్యాహ్నం మూడున్నర దాటితే అక్కడ నీ చెయ్యి నీకు కనపడదు.

అక్కడ ఒక ఆడమనిషి నిలబడుతుందట. బూడిదరంగు కోటు. ట్రాము ఆగాలంటే చెయ్యెత్తాలి కదా, ఆమె ఎత్తదు. చలికాలం చీకట్లో బళ్ళవాళ్ళకి కనపడాలని పసిపిల్లల దగ్గర్నుంచి పండుముసలివాళ్ళ దాకా అందరూ కోటుకి మెరుపుబిళ్ళ వేలాడేసుకుంటారు. ఆమెకి అదీ లేదు. బతికున్న మనిషైతే బిళ్ళ లేకుండా గడప దాటుతుందా?

ట్రాము ఆగితే... తలుపు తెరుచుకుంటే... ఎవరూ ఎక్కరు. కానీ మెట్టు మాత్రం — ఎవరో కాలు మోపినట్టు — కాస్త కిందికి కుంగుతుందట.

వింటే ఒళ్ళు జలదరిస్తుంది కదూ? జలదరించాలనే హెల్వి దాన్ని కల్పించింది.

ఆ దెయ్యానికి నిండా రెండు నెలల వయసు లేదు. కన్నతల్లి హెల్వి. ముప్ఫై ఒక్కేళ్ళు ట్రాము నడిపి, మోకాళ్ళు అరిగాక ఇంట్లో కూర్చున్న మనిషి.

ఎందుకు కల్పించిందంటే, ట్రాముల ఆఫీసు నుంచి స్టాపు స్తంభానికి ఒక కాగితం అంటించారు. నవంబరులో రెండు వారాలు లెక్కపెడతారట. ఆ రెండు వారాల్లో ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ కలిపి మూడు వందల మంది లేకపోతే స్టాపు ఎత్తేస్తారట. స్టాపుకి ఎదురుగా పసుపుపచ్చ ఇంట్లో సాల్మే ఉంటుంది. డెబ్భై ఎనిమిదేళ్ళు, తుంటి విరిగి అతికిన మనిషి. ఈ స్టాపు పోతే పక్క స్టాపు గుట్టకి అవతల. మధ్యలో అంతా గాజులాంటి మంచు. వెచ్చని గదిలో కూర్చుని కాగితం టైపు కొట్టినవాడు చేతికర్రతో ఆ గుట్ట ఒక్కసారి ఎక్కి చూశాడా? చూడడు. వాడికి కారుంది.

పాతికేళ్ళ కిందట ట్రాముల సమ్మెలో, గడ్డకట్టే చలిలో, డిపో గేటు ముందు పదకొండు రోజులు వేడి బఠాణీ సూపు కుండతో నిలబడింది ఈ సాల్మేనే. ఆ సూపు తాగి గెలిచినవాళ్ళలో హెల్వి ఒకతె. ఇప్పుడు సాల్మేని ఇంట్లో ఖైదు చేస్తుంటే చూస్తూ ఊరుకుంటుందా?

ముందు సంతకాలు పట్టుకుని ఆఫీసుకెళ్ళింది. కాఫీ ఇచ్చి పంపేశారు. అప్పుడొచ్చింది ఈ ఆలోచన.

పైఊళ్ళ నుంచి చూడవచ్చినవాళ్ళని పోగుచేసి, మామూలు ట్రాములోనే ఊరంతా తిప్పి చూపించడం మొదలుపెట్టింది. రేవు సంత, కొండమీద తెల్ల చర్చి, రైలుస్టేషను ముందు దీపాలు పట్టుకున్న రాతి మనుషులు. అన్నీ అయ్యాక గొంతు తగ్గించి — "ఇంకొక్కటుంది. గుండె గట్టిగా ఉన్నవాళ్ళే రండి" అనేది. జాలిపడి దిగమంటే ఒక్కడూ దిగని ఊరు, దెయ్యమనగానే బిలబిలమని దిగింది.

"ఒసే హెల్వీ, నా కోసం దెయ్యాన్ని కన్నావటే?" అని నవ్వింది సాల్మే. "పేరన్నా పెట్టావా?"

"పేరు పెడితే ఏ వీధి, ఎవరి పిల్ల అని ఆరాలు తీస్తారు. పేరు లేకపోతేనే పరువు."

సాల్మే కిటికీలో కూర్చుని, ఎక్కినా దిగినా మనిషికొక గీత చొప్పున గోడ క్యాలెండరు మీద గీసేది. లెక్క ఆఖరి రోజు మధ్యాహ్నానికి రెండు వందల తొంభై మూడు. ఇంకా ఏడు కావాలి. సాయంత్రం ఆరింటితో గడువు సరి.

ఆ సాయంత్రం హెల్వికి దొరికింది ఉత్తరాది పల్లెనుంచి వచ్చిన ఆరుగురు ముసలాళ్ళు. వాళ్ళారుగురు, తనొకతె. సరిగ్గా ఏడు.

ఆరుగురిలో ఓయ్వా అనే పెద్దాయన ఒకడు. ఎలుగుబంటిని కొట్టిన కథ రేవు దగ్గర మొదలుపెట్టి స్టేషను దాకా చెబుతూనే ఉన్నాడు. స్టేషను ముందు రాతి మనుషుల్ని చూసి, "వీళ్ళకి జీతమెంతమ్మా?" అన్నాడు.

"అడగలేదు కాబట్టే రాయైపోయారు," అంది హెల్వి.

ట్రాము గుట్ట దిగింది. ఆరుకి ముందు అక్కడ ఆగేది ఇదే ఆఖరు. హెల్వి గొంతు తగ్గించింది. బూడిదరంగు కోటు... ఎత్తని చెయ్యి... కుంగే మెట్టు... ముసలాళ్ళు ఊపిరి బిగబట్టి వింటున్నారు.

ట్రాము మెల్లగా ఆగింది. డ్రైవరు ఔలిస్ వెనక్కి తిరిగాడు. హెల్వి చేతికింద పని నేర్చుకున్నవాడు. ముఖం పాలిపోయింది.

"హెల్వక్కా..." అన్నాడు గుసగుసగా. "ఆ చెట్ల మధ్య..."

చూసింది.

స్టాపు షెడ్డుకి నాలుగడుగుల వెనక, చెట్ల నీడలో... ఒక ఆకారం. బూడిదరంగు కోటు. చెయ్యెత్తలేదు. ట్రాము దీపం తగిలినా ఎక్కడా మెరుపు లేదు.

హెల్వి ముందుకి వంగి అద్దంలోంచి మళ్ళీ చూసింది. కల్పించింది తనే కదా! మరి... అక్కడ నిలబడింది ఎవరు?

"నేను దిగను," అన్నాడు ఓయ్వా, సీటు రెండు చేతులా పట్టుకుని.

"అంతా కట్టుకథయ్యా, దిగు!" అంది హెల్వి.

"కట్టుకథైతే ముందు నువ్వే దిగమ్మా!"

తను అల్లిన అబద్ధమే తలుపుకి అడ్డం నిలబడింది. దిగకపోతే స్టాపు పోతుంది. సాల్మే ఆ కిటికీలోనే మగ్గి, ఆ కిటికీలోనే పోతుంది. హెల్వి పళ్ళు బిగించి మెట్టు దిగింది. వెనకే మిగతా అయిదుగురూ ఒకరి కోటు ఒకరు పట్టుకుని దిగారు. ఓయ్వా పెళ్ళాం దిగుతూ దిగుతూ, "ఎలుగుబంటి వీరుడా, అక్కడే కూర్చో. సీటు చల్లారిపోగలదు," అని చురక అంటించింది.

తలుపు మూసుకుంది. ట్రాము వెళ్ళిపోయింది. చీకటి దుప్పటిలా కప్పేసింది.

ఆరుగురు. ఒకరు తక్కువ.

అప్పుడు వినిపించింది. టిక్...

మళ్ళీ — టిక్... టిక్...

అలా ఏడుసార్లు. ఆపైన మంచు మీద అడుగులు. ఆకారం వాళ్ళ వైపే వస్తోంది. ముసలాళ్ళు ముద్దలా దగ్గరికి జరిగారు. జీవితంలో సొంత ఊరివాళ్ళ పక్కన కూడా అంత దగ్గరగా ఎన్నడూ నిలబడని మనుషులు! హెల్వి కదల్లేదు. ఆకారం మూడడుగుల దూరంలో, ఎదురింటి కిటికీ వెలుతురు అంచున ఆగింది. దాని నోట్లోంచి తెల్లగా ఆవిరి వచ్చింది.

దెయ్యాలకి ఊపిరి ఉంటుందా?

"క్షమించండి," అంది ఆకారం, సిగ్గుతో చచ్చిపోతూ. "నేను... ఆఫీసు నుంచి. లెక్కకి."

అరచేతిలో చిన్న యంత్రం. నొక్కితే టిక్కుమనే రకం. ముప్ఫై ఏళ్ళు కూడా లేని పిల్ల. పేరు ఐరి అంది. రోజుకొకరిని పంపుతారట, ఇవాళ తన వంతట.

"లెక్క ట్రాములో కూర్చుని చేస్తారనుకున్నానే! షెడ్డులో నిలబడొచ్చుగా? గుండె ఆగి చచ్చేదాన్ని!" అంది హెల్వి.

"మధ్యాహ్నం షెడ్డులో ఒకాయన ఉన్నాడండీ. తెలియని మనిషి పక్కన ఈ దేశంలో ఎవరు నిలబడతారు? అప్పట్నుంచీ చెట్ల దగ్గరే ఉండిపోయా."

"మెరుపుబిళ్ళ?"

"ఆఫీసు కోటుకి లేదండీ."

హెల్వికి నవ్వొచ్చింది. నవ్వు వెంటనే ఆగిపోయింది. ఓయ్వా దిగలేదు. ఆరే దిగారు. రెండు వందల తొంభై తొమ్మిది. ఒక్క మనిషి... ఒక్క పిరికి ముసలాడు...

"ఎంతైందమ్మా?" అంది హెల్వి.

"చెప్పకూడదండీ." ఐరి అటూ ఇటూ చూసి, పాకెట్లోంచి కాగితం తీసి పాత లెక్కకి ఇవాళ్టిది కలిపింది. ఆ కాగితం వెలుతురులోకి తిప్పి చూపించింది. "మూడు వందలు. సరిగ్గా."

"కాదు. ఆరుగురమే దిగాం."

"ఏడుగురండీ. మీరు, ఈ అయిదుగురు, తర్వాత వెనక తలుపులోంచి ఒకావిడ. నా కోటు లాంటి కోటే." ఐరి హెల్వి భుజం మీదుగా చూసింది. "మీతో వచ్చినావిడేమో అనుకున్నా. ఇందాకటి దాకా మీ వెనకే ఉంది."

ఓయ్వా పెళ్ళాం కళ్ళతోనే అందరినీ లెక్కపెట్టుకుంది. అయిదుగురు. హెల్వి ఒకతె.

"ఎవరని అడగలేదా?" అంది హెల్వి గుసగుసగా.

"అయ్యో... తెలియని మనిషిని ఎలా అడుగుతానండీ?"

ఎదురింటి కిటికీలో సాల్మే దీపం వెలుగుతోంది. హెల్వి ఆ దీపాన్ని చూసింది. కాగితం మీది అంకెని చూసింది.

"ఆ ఒకటి కొట్టేయనా?" అంది ఐరి.

"కొట్టేస్తే ఊరుకోను," అంది హెల్వి. "రాసుకో. సమ్మెలో గేటు ముందు మాతో నిలబడ్డవాళ్ళని ఏనాడూ ఎవరు నువ్వు, ఎక్కడ్నుంచొచ్చావు అని అడగలేదు మేము. నిలబడిందా లేదా? అంతే లెక్క."

ఐరి రాసుకుంది. ముసలాళ్ళు సాల్మే ఇంటి దీపం వైపు నడిచారు, కాఫీ ఆశకి సగం, భయానికి సగం. హెల్వి ఒక్కతే ఆగింది. ముఖం తిప్పకుండా, ఆ ఊళ్ళో ఎవరూ తెలియని మనిషితో చేయని పని చేసింది. పలకరించింది.

"చాలా సాయం చేశావమ్మా," అంది చీకట్లోకి. "రా, వేడిగా కాఫీ తాగి వెళ్దువుగాని."



వెనక మంచు కిర్రుమంది... మొహమాటంగా, రెండడుగులు వెనక్కి.