వకీలు గారింట్లో తిరుగుబాటుదారు

ఎలయాస్ చార్ల్‌స్టన్ నుంచి ఎడిన్‌బరోకి వైద్యం చదవడానికి వచ్చాడు. వకీలు డన్‌బార్ గారింట్లో అద్దెకు దిగిన రోజే, ఆయన కూతురు మార్జరీ అందించిన టీ కప్పుని వెనక్కి తోశాడు. మా అమెరికాలో టీ మానేశామనీ, రాజుగారు వేసిన పన్ను తన గొంతు దిగదనీ చెప్పాడు.

"పన్ను సంగతి రాజుగారితో తేల్చుకోండి. టీ కాచింది నేను," అంది మార్జరీ.

ఆ పిల్ల మూతి ముడిస్తే అంత అందంగా ఉంటుందని ముందే తెలిస్తే, పాపం, దేశభక్తిని కాసేపు పక్కన పెట్టేవాడేమో. మర్నాటి నుంచి అతనికి వేడి పాలు వచ్చాయి. వాటి వెంట వెక్కిరింతలూ వచ్చాయి. చలికాలం గడిచేసరికి ఆ వెక్కిరింతలు వినందే అతనికి పాఠం తలకెక్కేది కాదు. మెట్ల మీద అతని బూట్ల చప్పుడు వినందే ఆమెకు కుట్టుపని సాగేది కాదు.

ఇంతలో సముద్రం అవతల అమెరికా వాళ్లకీ రాజుగారికీ యుద్ధం మొదలైంది. డన్‌బార్ గారు కూతుర్ని రాజుగారి సైన్యంలోని ఒక కెప్టెన్‌కి ఇవ్వాలని నిశ్చయించి, ఆదివారం అతన్ని భోజనానికి పిలిచారు. మార్జరీ ఎంత ఏడ్చినా ఆయన మెత్తబడలేదు.

భోజనాలయ్యాక కెప్టెన్ లేచి, రాజుగారి ఆరోగ్యం కోరుతూ గ్లాసు ఎత్తాడు. అందరూ లేచారు. ఎలయాస్ లేవలేదు.

డన్‌బార్ గారి ముఖం జేవురించింది. తక్షణం ఇల్లు విడిచి పొమ్మన్నారు.

"వెళ్తానండీ," అంటూ ఎలయాస్ అప్పుడు లేచాడు. "కానీ మార్జరీ నా భార్యే అనుకుని వెళ్తాను."

కెప్టెన్ నవ్వాడు. మార్జరీ గబగబా బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఎలయాస్ పక్కన నిలబడింది.

"అనుకోవడం కాదు. అందరికీ వినపడేలా చెప్పు."

ఎందుకో అర్థం కాకపోయినా, అతను మనస్ఫూర్తిగా చెప్పాడు. "ఈమె నా భార్య."

"ఇతను నా భర్త. మీరిద్దరూ సాక్షులు," అని ఆమె తండ్రి వైపు తిరిగింది. "స్కాట్లండ్ చట్టం ప్రకారం పెళ్లికి ఇంతకన్నా ఏం కావాలి నాన్నగారూ? పోయిన ఏడు కోర్టులో మీరు వాదించి గెలిచింది ఇదేగా?"

చెల్లదని చెప్పమన్నట్టు కెప్టెన్ ఆయన వంక చూశాడు.  డన్‌బార్ గారు కూతుర్ని కోపంగానే చూడబోయారు గానీ ఆ కోపం నిలవలేదు.

"చెల్లుతుంది కెప్టెన్," అన్నారు. "నా కూతురు నా మీదే గెలిచింది." ఆ గొంతులో ఓటమి కన్నా గర్వమే ఎక్కువ వినిపించింది.

"అంటే... పెళ్లయిపోయిందా?" అన్నాడు ఎలయాస్.

"ఎప్పుడో అయిపోయింది," అంది మార్జరీ, కళ్ల నిండా నీళ్లతో నవ్వుతూ. "ఇక నాన్నగారి ఆశీర్వాదం తీసుకుందాం, రా."