తొంభై తొమ్మిదో చెరువు

జయరామయ్యను చంపిన ఆయుధం బరువు ఇరవై ఆరు గ్రాములు.

పైన టైటానియం తొడుగు. లోపల బ్యాటరీ, సర్క్యూట్. ఎడమ కాలర్‌బోన్ కింద, చర్మం లోపల పెట్టి కుట్టేసి పదకొండు వారాలైంది. ఎనిమిదేళ్లు పనిచేయాల్సిన ఆ పేస్‌మేకర్, బోగోలు తీరంలో పడవను ఒడ్డుకు లాగుతుండగా ఆగిపోయింది. జయరామయ్య ఇసుకలో బోర్లా పడ్డాడు. మళ్లీ లేవలేదు.

అది ప్రమాదం కాదు, హత్య అని మొదట రాసింది ఏజెంట్ పెంచలకృష్ణ. మెడికల్ డివైస్ విజిలెన్స్ వింగ్‌లో ఫీల్డ్ ఆఫీసర్. వయసు నలభై మూడు. పిస్టల్ లేదు. కావాలని అడిగితే ఎందుకో నాలుగు కాపీల్లో రాసిమ్మన్నారు. రాసిచ్చాడు. రెండేళ్లయింది.

ఉదయం ఎనిమిదీ నలభై. వెంకటాచలం దగ్గర, హైవే పక్కనున్న ప్రైవేటు ఆసుపత్రి. మూడో నంబర్ బెడ్ మీద మహాలక్ష్మి ఉంది. యాభై రెండేళ్ల మనిషి, తీరంలో చేపలమ్ముతుంది. ఆమె గుండె సొంతంగా నిమిషానికి ఇరవై ఎనిమిది సార్లే కొట్టుకుంటోంది. మెడ దగ్గర నుంచి లోపలికి పంపిన తాత్కాలిక వైరు మిగతా పని లాక్కొస్తోంది.

ఆమె మంచం పక్కన బల్ల మీద ఆరు పెట్టెలున్నాయి. ఒకే కంపెనీ పేరు, ఒకే సీలు, ఒకే రంగు. పెంచలకృష్ణ టిఫిన్ క్యారేజీ మూత తీశాడు. పై గిన్నెలో పులిహోర. కింది గిన్నెలో టెలిమెట్రీ రీడర్. పెట్టె తెరవకుండానే లోపలి పేస్‌మేకర్ జాతకం చదివే యంత్రం. ఒక్కో పెట్టె మీదా పెట్టి చూశాడు.

బ్యాటరీ నూరు శాతం. నూరు. నూరు. ఆరింటికీ నూరే.

"ఏంది సారూ," మహాలక్ష్మి తల తిప్పింది, "కొనేవోళ్లు చేపకి మొప్ప ఎత్తి చూసినట్టు చూస్తా ఉండావు? మెత్తబడిందా?"

"లేదమ్మా. అన్నీ తాజాగానే కనిపిస్తున్నాయి. అదే బాధ."

డాక్టర్ బెన్హర్ అతన్ని కారిడార్‌లోకి లాక్కెళ్లాడు. జయరామయ్యకు పేస్‌మేకర్ అమర్చింది ఆయనే. అది చెడిపోయిందని ధైర్యంగా రిపోర్ట్ పంపిందీ ఆయనే.

"వైరు జారిపోతోంది కృష్ణగారూ. రాత్రి నుంచి రెండుసార్లు గుండె ఆగి మొదలైంది. పన్నెండింటికి పేస్‌మేకర్ పెట్టి తీరాలి. ఇందులో ఏది మంచిదో చెప్పండి."

"చెన్నై నుంచి కొత్తది తెప్పించలేరా?"

"మీ ఆఫీసే నిన్న అన్ని గోడౌన్లకీ నోటీసిచ్చింది, విచారణ అయ్యేదాకా ఒక్క పేస్‌మేకర్ కూడా బయటికి పంపొద్దని. ఆసుపత్రుల బీరువాల్లో ఆల్రెడీ ఉన్న వాటి గురించి మాత్రం ఒక్క మాట లేదు."

పెంచలకృష్ణ గోడకు నుదురు ఆనించాడు. ఆ నోటీసు పంపమని మొర పెట్టుకున్నది తనే. బీరువాల గురించి కూడా రాశాడు. రెండో పేజీలో. రెండో పేజీ ఎవరూ తిప్పినట్టు లేదు.

ఫోన్ మోగింది. డిప్యూటీ డైరెక్టర్ కిషోర్.

"కృష్ణా, కన్ఫర్మ్ అయింది. ఇది సెకండ్ బీట్ పనే."

సెకండ్ బీట్. విదేశీ ముఠా. కొన్ని దేశాల్లో శవాన్ని దహనం చేసే ముందు ఒంట్లోని పేస్‌మేకర్ తీసేస్తారు, మంటల్లో పేలుతుందని. అలా తీసేసినవాటిని ఈ ముఠా సేకరిస్తుంది. కడిగి, మెరుగుపెట్టి, మెమొరీ తుడిచి, బ్యాటరీ ఎప్పుడూ నిండుగా చూపించేలా సాఫ్ట్‌వేర్ మార్చి, కొత్త పెట్టెల్లో పెట్టి అమ్ముతుంది.

"రెయిడ్‌కి టీమ్ పంపండి సార్."

"ఫైల్ మూవ్ అవుతోంది."

"ఎక్కడికి సార్?"

కిషోర్ మాట మార్చాడు. "నీ సోర్స్ పార్కింగ్‌లో వెయిట్ చేస్తోంది. జాగ్రత్త. ఆమె ఎవరి మనిషో నాకింకా అనుమానమే."

పార్కింగ్‌లో ఎర్ర కారు. కారుకి ఆనుకుని ముదురు నీలం పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. వినీల. సెకండ్ బీట్‌కి సౌత్ ఇండియా సేల్స్ హెడ్. ఆరు నెలలుగా విజిలెన్స్ వింగ్‌కి రహస్య సోర్స్. అటూ ఇటూ జీతం తీసుకునే మనిషి.

"బోగోలు బస్సు వెళ్లిపోయిందా?" అడిగాడు.

"టైరు పంక్చరు. మధ్యాహ్నానికి కదుల్తుంది." కోడ్ సరిపోయింది. ఆమె కళ్లద్దాలు తీసింది. "అల్లూరు దాటినాక, సముద్రం పక్కన రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్. ప్యాకింగ్ అక్కడే. మా బాస్ విక్టర్ ఈ రోజు అక్కడే ఉన్నాడు. ఈ ఆరు పెట్టెల్లో ఏవి మావో నాకూ తెలీదు. తెలిసేదేదన్నా ఉంటే అక్కడే ఉండాల."

"ఇంత ఆలస్యంగా చెబుతున్నావేం?"

"ఆలస్యమా? మీ ఆఫీసుకి పదకొండు మెసేజీలు పెట్టినాను. ఒక్కదానికన్నా కదిలినారా? ఆఖర్న ఒక రిప్లై వచ్చింది, 'మీ అభిప్రాయానికి ధన్యవాదాలు' అని!"

అతను జీపెక్కాడు.

పదీ నలభై. రెండు పక్కలా రొయ్యల చెరువులు, నీళ్లు చిమ్ముతూ ఏరేటర్లు. ప్లాంటు గేటు దగ్గర దిగిన మనిషి పెంచలకృష్ణలా లేడు. ఖాకీ చొక్కా, టూల్‌బాక్స్, గుబురు మీసం. ఫ్రీజర్ గేజ్ మెకానిక్.

లోపల చల్లగా, క్లోరిన్ వాసన. స్టీలు టేబుళ్ల ముందు నూట ఇరవై మంది ఆడవాళ్లు రొయ్యల తలలు తీస్తున్నారు. సూపర్‌వైజర్ ప్రమీలమ్మ దారికి అడ్డంగా నిలబడింది. నీలం ఏప్రాన్, గమ్‌బూట్లు, మెడలో దారానికి వేలాడే పెన్ను.

"ఎవురు నువ్వు?"

"గేజ్ మెకానిక్‌నక్కా. ఫ్రీజర్ మీటర్ చూడమన్నారు."

"ఆ మీసం ఏంది అట్లా ఊగతా ఉంది? ఒక్క ఎంటిక రొయ్యల్లో పడిందంటే కంటైనరు మొత్తం ఎనక్కొస్తది. మాస్కు ఏసుకో. చేతులు కడుక్కో. ఆ నీళ్లు కాదు, ఈ నీళ్లు. గవర్నమెంటోడి మాదిరి అట్లా తడిపి ఇట్లా తీస్తావేంది?"

పెంచలకృష్ణ మళ్లీ కడుక్కున్నాడు. ఈమె తన ఆఫీసులో పనిచేసి ఉంటే జయరామయ్య బతికి ఉండేవాడు అనిపించింది.

చివరి టేబుల్ మీద రొయ్యలు లేవు. తెల్ల పెట్టెలున్నాయి. ఆసుపత్రిలో చూసినవే.

"అవేందక్కా?"

"ఏరేటర్ మోటార్ల సామాన్లంట. పెద్దోళ్లు..."

మాట పూర్తికాలేదు. ఆఫీసు తలుపు తెరుచుకుంది. బూడిదరంగు సూటులో పొడవాటి విదేశీయుడు. పక్కన వినీల.

ఆమె పెంచలకృష్ణను పైనుంచి కిందికి చూసింది. ఇంగ్లీషులో తాపీగా అంది: "విక్టర్, ఆ మీసం చూడండి. ఆ జిగురు గవర్నమెంట్ సప్లై. మనిషి కూడా."

కిషోర్ అనుమానం నిజమైంది.

ఆఫీసు గది. విక్టర్ పిస్టల్ తీశాడు. దానికి సైలెన్సర్ కూడా ఉంది. నేరస్థుడికి ఎవరూ ఫారం పెట్టమనరు కాబోలు! పెంచలకృష్ణ ఫోన్ అతని బూటు కింద పటపటమంది.

"ఇక్కడ వద్దు," అంది వినీల. "అవతల నూట ఇరవై మంది సాక్షులు. వెనకదారిన బ్లాస్ట్ ఫ్రీజర్‌లో పెట్టండి. మైనస్ నలభై. సాయంత్రానికి మెకానిక్ ప్రమాదంలో పోయినట్టుంటుంది."

విక్టర్ నవ్వాడు. ఫ్రీజర్ తలుపు ధన్‌మని పడింది. పదకొండూ ముప్పై ఆరు.

చీకటి. గాలి కత్తుల్లా కోస్తోంది. లోపలినుంచి తెరిచే గుబ్బ మంచుతో బిగుసుకుపోయింది. భుజంతో గుద్దాడు. కాలితో తన్నాడు. కదల్లేదు. చావు భయం కన్నా కోపం ఎక్కువగా ఉంది. మూడు రిపోర్టులు. పదిహేడు రిమైండర్లు. ఒక పెళ్లి శుభలేఖలకు సరిపడా కాగితం. అయినా ఇంకో ఇరవై నాలుగు నిమిషాల్లో మహాలక్ష్మి గుండెకు ఎవరో శవం ఒంట్లోంచి తీసినది తగిలిస్తారు. తగిలించకపోతే అంతకన్నా ముందే పోతుంది. ఆరింటిలో ఏది మంచిది? తెలుసుకోవడానికి వచ్చి, తెలుసుకోకుండానే గడ్డకట్టిపోతున్నాడు.

కనురెప్పలు అతుక్కుంటుండగా తలుపు తెరుచుకుంది. చేతిలో ఫ్రీజర్ టెంపరేచర్ చార్టుతో ప్రమీలమ్మ.

"పన్నెండున్నర దాకా ఈ తలుపు తీయగూడదని బోర్డు పెట్టినా! చార్టులో గీత పైకి లేసింది. ఎవురా తీసింది? నువ్వేంది, లోపల?"

అతను ఆమె గమ్‌బూట్ల మీదికి పడ్డాడు. మీసం ఊడి నేల మీద పడింది.

"అక్కా... అవి మోటార్ సామాన్లు కాదు. గుండెకు పెట్టేవి. చచ్చినోళ్ల ఒంట్లోంచి తీసినవి. బోగోలులో ఒకాయన పోయాడు. పన్నెండింటికి ఇంకొకామెకి పెడుతున్నారు."

ప్రమీలమ్మ తన చేతులకేసి చూసుకుంది. "ఈ చేతుల్తోనే గదా సామీ కట్టింది..."

"ఆసుపత్రిలో ఆరు పెట్టెలున్నాయి. మీ దగ్గర కట్టినవేవో గుర్తుపట్టే దారి చెప్పక్కా."

"దారేంది? చీటీ ఉంది గదా."

"ఏ చీటీ?"

"చెరువు చీటీ. ఏ చెరువు రొయ్య, ఏ టేబులు, ఏ తారీకు, ఎవురు కట్టింది. అది లేకండా నా కాణ్ణించి ఒక్క డబ్బా పోదు. వీటికి చెరువు లేదు గదా, తొంభై తొమ్మిది అని ఏసినా."

"విక్టర్ చూసి ఊరుకున్నాడా?"

"డబ్బా పైన ఒక్క అచ్చరం రాయగూడదు అన్నాడు. పైన రాయలా. లోపల, ఎట్లా వాడాల్నో చెప్పే పుస్తకం కింద పెట్టినా."

పెంచలకృష్ణకు చలి వదిలిపోయింది. దేశాలు దాటి, సీరియల్ నంబర్లు చెరిపి, మెమొరీ తుడిచిన ముఠా తమ సరుకును రొయ్యల మనుషుల చేతిలో పెట్టింది. ఆ మనుషులు దానికి అలవాటు కొద్దీ ఊరూ పేరూ పెట్టి పంపారు. పుస్తకం కింద దాగిన చీటీ ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదు, ఏ ఆసుపత్రిలోనూ ఎవరూ ఆ పుస్తకం తీయరు గనక.

ప్యాకింగ్ సెక్షన్ గోడకు పాత ల్యాండ్‌లైన్. బెన్హర్ ఆసుపత్రి నంబర్ అతనికి కంఠతా వచ్చు, ప్రతి ఫారం మీదా నాలుగేసి సార్లు రాసి రాసి. పదకొండూ యాభై ఆరు.

"మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం. దయచేసి లైన్‌లో ఉండండి." వీణ సంగీతం.

"ఎత్తండ్రా!" అతను గోడను గుద్దాడు.

యాభై ఎనిమిది. రిసెప్షన్. "ఆపరేషన్ థియేటర్‌కి కనెక్ట్ చేయకూడదు సార్."

ప్రమీలమ్మ రిసీవర్ లాక్కుంది. "ఏం పాపా, ఆడ మనిషి పోతా ఉంది. నీ పేరు చెప్పు, చీటీలో రాసుకుంటా."

వెంటనే కనెక్ట్ అయింది.

"డాక్టర్! పెట్టొద్దు!"

"కృష్ణగారూ, నర్స్ లోపలి ట్రే సీల్ మీద చెయ్యేసింది..."

"ఆపండి! అట్టపెట్టెలో పుస్తకం కింద చూడండి. చీటీ ఉందా?"

కాగితాల చప్పుడు. "ఉంది. గులాబీ రంగు. తొంభై తొమ్మిది, టేబుల్ నాలుగు. ఏంటిది?"

"అది శవానిది. పక్కన పడేయండి. మిగతావి!"

"రెండోది, ఉంది. మూడు, ఉంది. నాలుగు, ఉంది..." అవతల అలారం కూత మొదలైంది. ఎవరో అరిచారు, వైరు జారిందని. "ఐదు, ఉంది. ఆరు..." మళ్లీ కాగితాల చప్పుడు. "ఆరులో లేదు. రెండుసార్లు చూశాను."

పెంచలకృష్ణ ప్రమీలమ్మ వైపు తిరిగాడు. "ఒక్కటి మర్చిపోయి ఉంటారా అక్కా?"

ఆమె అతని కళ్లలోకి చూసింది. "పదిహేడేళ్లు. ఒక్కటీ మర్చిపోలా."

ఇరవై ఏళ్ల సర్వీసులో ఏ సర్టిఫికెట్ మీదా అతనికి అంత నమ్మకం కలగలేదు. "ఆరోది పెట్టండి డాక్టర్."

రిసీవర్‌లో అలారం ఆగకుండా కూస్తోంది. నిమిషం. మూడు. తొమ్మిది. ప్రమీలమ్మ కళ్లు మూసుకుంది. టేబుళ్ల దగ్గర చేతులు ఆగిపోయాయి.

తర్వాత అలారం ఆగింది. టిక్. టిక్. టిక్.

"డెబ్భై," అంది బెన్హర్ గొంతు. "స్టెడీగా ఉంది."

బయట సైరన్. గేటు దగ్గర మెరైన్ పోలీసులు విక్టర్‌ను కారులోంచి దించుతున్నారు. పక్కన వినీల, అతని పిస్టల్‌ను చేతిగుడ్డలో చుట్టి ఎస్.ఐ.కి అందిస్తోంది.

"నన్ను చంపించబోయావు!" పెంచలకృష్ణ పళ్లు ఇంకా టకటకమంటున్నాయి.

"వాడు కాల్చేవాడే గదా. ఫ్రీజర్ తలుపు తీస్తే చార్టు కదుల్తుంది. చార్టు కదిలితే ప్రమీలక్క పరిగెత్తుకొస్తుంది. నాకు తెలుసు. పోలీసుల్ని పిలిచింది కూడా నేనే." కళ్లద్దాలు పెట్టుకుంది. "మీ ఆఫీసుని నమ్ముకోమంటావా?"

అతను మళ్లీ ప్యాకింగ్ సెక్షన్‌కి నడిచాడు.

పని మిగిలే ఉంది. ప్రమీలమ్మ చీటీల పుస్తకంలో కార్బన్ కాపీలున్నాయి. ఏ తారీకు సరుకు ఏ ఆసుపత్రికి పోయిందో వినీల ఇచ్చిన అమ్మకాల జాబితాలో ఉంది. రెండు వందల పన్నెండు పెట్టెలు, ముప్పై ఒక్క ఆసుపత్రులు. పెంచలకృష్ణ ల్యాండ్‌లైన్‌లోనే కిషోర్‌కు చేశాడు.

"వెల్ డన్ కృష్ణా! రీకాల్ అలర్ట్ పోర్టల్‌లో పెట్టేయ్."

"పోర్టల్ ఓపెన్ కావట్లేదు సార్."

"అవును, మెయింటెనెన్స్. సోమవారానికి వస్తుంది."

ఈ రోజు గురువారం. పెంచలకృష్ణ రిసీవర్ పెట్టేసి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ప్రమీలమ్మ ఒక్కో చీటీ చదువుతోంది. అతను ఒక్కో ఆసుపత్రికి ఫోన్ చేస్తున్నాడు. పదహారు అయ్యాయి. పదిహేడో ఆసుపత్రి మేనేజర్ ఓపిగ్గా అంతా విన్నాడు.

"అర్థమైంది సార్. కానీ ఫోన్ మీద చెబితే మేం యాక్షన్ తీసుకోలేం. లెటర్‌హెడ్ మీద, సంతకంతో పంపించండి."

"పంపిస్తాను," అన్నాడు పెంచలకృష్ణ. "అది వచ్చేదాకా మీరు ఆ పెట్టె మీద కూర్చోండి. లేవొద్దు."