చూసినాను, బాగుంది

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. పొయ్యి ముందు ఎస్తేరమ్మ అవ్వ, పక్కన ఉల్లిగడ్డలు కోస్తూ ప్రేమలత అమ్మ, హిందూపురం నుంచి పొద్దున బస్సుకు దిగి ఎవరితోనూ మాట్లాడని అనిల్ చిన్నాయన, నోట్‌బుక్కు పట్టుకుని మూలమూలలూ వెదుకుతూ ప్రేమలత. పటంలోని జోసెఫ్ తాతను కలుపుకుంటే ఐదుగురు.

తాత పోయి నలభై రోజులు. ఎర్రమంచిలోని ఆ ఇంటి ముందే సాయంత్రం జ్ఞాపకార్థ కూటం. తాత బతుకు గురించి ఒక కాగితం రాయమని పాస్టరు ప్రేమలతకు అప్పజెప్పాడు. నలుగురిలో నోరు పెగలని పిల్ల, రాయమంటే మాత్రం ముందుంటుంది.

తాత బెంగళూరులో విమానాల ఇంజనీరు. శనివారం రైలుకు వచ్చి ఆదివారం వెళ్ళేవాడు. అక్కడ ఆయన పనేమిటని ప్రేమలత అవ్వను అడిగింది.

"రెక్కల మరలు గట్టిగుండాయో లేదో చూసి చేవ్రాలు పెడతాడంట. అది లేందే విమానం లేచేది లేదంట," అంది అవ్వ. "ఇంటికొచ్చినా అదే యావ. నా కుక్కరుకూ బిళ్ల కట్టినాడు!"

నిజమే. కుక్కరు పిడికి, ఉయ్యాల గొలుసుకు, బావి గిలకకు చిన్న అల్యూమినియం బిళ్లలు. వాటి మీద మేకుతో గీసిన తేదీ, "చూసినాను. బాగుంది" అన్న మాట. ప్రేమలత అప్పటికి పదహారు దొరకబట్టింది.

"అనిలూ, కూటంలో నువ్వూ మీ నాయన గురించి రెండు మాటలు చెప్పల్ల," అంది అవ్వ.

"ఏం చెప్పేది? టెన్త్ పరీక్షకు వస్తానని మాటిచ్చి రాలేదని చెప్పనా? పెనుకొండ బడి గేటుకాడ అందరి నాయనలూ ఉండారు. నేనొక్కణ్ణే సైకిల్ తొక్కుకుంటా పోయినా. ఆయనకు విమానమే కొడుకు!"

"అట్లనద్దురా. ఆ పొద్దు..."

"ఆ మాటెత్తద్దు మా!"

సైకిల్ అనగానే ప్రేమలత కొట్టంలోకి పరుగెత్తింది. చిన్నాయన పాత సైకిల్ సీటు మీద కూర్చున్న కోడిపెట్టను తోలి, కింద స్ప్రింగుల్లో చెయ్యి పెట్టింది. పదిహేడో బిళ్ల! దాన్ని పట్టుకుని మళ్ళీ పొయ్యి దగ్గరికి వచ్చింది.

"చిన్నాయనా, నీ పరీక్ష ఏ తేదీన?"

"మార్చి ఇరవై, తొంభై ఒకటి. చచ్చినా మరవను."

ఆమె బిళ్లను అతని అరచేతిలో పెట్టింది. "20-3-91. బ్రేకులు చూసినాను. బాగున్నాయి."

అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ముందు రేత్రి నువ్వు నిద్రపోయినాక వచ్చినాడప్పా. కోడి కూయకముందే లేసి సైకిలంతా ఇప్పి బిగించినాడు. ఆ పొద్దే వాళ్ళ కొత్త విమానం మొదటిసారి లేచేది, పోక తప్పలేదు. పిల్లోణ్ణి లేపద్దు, పరీక్ష ఉండాదన్నాడు. తర్వాత చెప్పబ్బా అంటే, సాకు చెప్పినట్లుంటాది అనేవాడు. నేను చెప్పబోతే నువ్వు యాడ ఇననిస్తివి?"

అనిల్ బొటనవేలితో బిళ్ల మీది అక్షరాలు తడిమాడు. "దిగుడులో లారీ అడ్డమొచ్చింది మా ఆ పొద్దు. బ్రేకు పట్టింది. నా అదృష్టం అనుకున్నా."

పిడికిలి మూసుకుని తాత గదిలోకి నడిచాడు. ప్రేమలత వెంటే వెళ్ళింది. గడప దగ్గర అతను వెనక్కి తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పాపా, ఆ కాగితంలో అడుగున నా మాటకు కొంచెం జాగా ఇడువు."

నాలుగు వరుసలు చాలునా అని అడగబోయింది ప్రేమలత. అంతలోనే ఆమె మొహం ముందు తలుపు మెల్లగా మూసుకుంది.