మోచేతి మీద చెయ్యి

నా కండ్లకు పక్కలు కనపడవు. గొట్టంల నుంచి చూసినట్టు ముందున్నదొక్కటే కనపడుతది. అందుకే నా పెండ్లాం మంగ్లి ఎప్పుడూ నా కుడి మోచెయ్యి పట్టుకొని నడిచేది. పోయిన యేడు హైదరాబాద్‌ల కండ్ల దవాఖానోళ్లు వాడి చూడుమని కండ్లద్దాలు ఇచ్చిన్రు. వాటికి చిన్న కెమెరా ఉంటది. పక్కలున్న మనుషులు, గుంతలు, చెట్లు తెల్లటి గీతల బొమ్మయి నాకు కనపడే ఆ సందులనే కనపడుతయి, చీకట్ల గూడ.

ఖమ్మంల మిర్చి అమ్మి వస్తుంటే బస్సుల పోరగాండ్లు నా అద్దాలు చూసి నవ్విన్రు. నాకు తిక్క రేగింది, తీసి జేబుల పెట్టిన. బస్సు దిగి అడవి బాట పట్టినంక మంగ్లి పెట్టుకోమని బతిమాలింది. నువ్వున్నవ్ గదా అని కసురుకున్న.

పొద్దు గూకింది. ఇప్పపూల వాసన, తడి మట్టి వాసన. మొరం మట్టి తవ్వంగ నీళ్లు నిండిన గుంత దాటినమో లేదో, వెనుక నుంచి పిలుపు.

"కిషన్‌లాల్..."

మా తండల పెండ్లాం మొగని పేరు పలకదు. మంగ్లి నన్ను 'ఇగో' అనే పిలుస్తది. పొద్దుగూకినంక అడవిల పేరుపెట్టి పిలిచేది మనిషి కాదని మా అవ్వ చెప్పేది. పైగా మోచేతి మీద చెయ్యి ఉండనే ఉన్నది.

మళ్ల పిలిచింది.

"పలకకు," అని పక్క నుంచి గుసగుస.

నేను పలకలే. జల్దీ నడిచిన.

తండ కాడ పూలి వదినె ఎదురొచ్చి, మంగ్లి ఏదని అడిగింది. పక్కకు తల తిప్పి చూసిన. ఎవలూ లేరు.

మంగ్లి ఆ గుంత నీళ్లల్ల దొరికింది. చావు భయంల మొదటిసారి నా పేరు పిలిచింది, నేను పలకలే. అద్దాలు పెట్టుకొని ఉంటే మంగ్లి జారుడు కనపడేది. పాపిష్టోన్ని నేను.

ఇయ్యాల పొద్దుగూకంగ అద్దాలు పెట్టుకొని ఒక్కన్నే గుంత కాడికి పోయిన. ఇంకోసారి పిలిస్తే పలుకుదామని.

కప్పల అరుపు ఆగింది. మోచేతి మీద చెయ్యి పడ్డది... సల్లగ. అద్దాలల్ల నా పక్కన గీత లేదు.

గుంతల నుంచి పిలుపు... "కిషన్‌లాల్..."

"వస్తున్న మంగ్లీ," అన్న, ఏడుసుకుంట.

చెయ్యి వదిలింది. పక్క నుంచి సన్నగ, అచ్చం మంగ్లి గొంతే:

"ఇగో... నేనీడుంటే ఎవలకు పలికినవ్?"

అద్దాలల్ల గుంత ఒడ్డు మీదికి తెల్లటి గీతలు లేస్తున్నయి. రెండు చేతులు... వాటి వెనుక ఇంకో రెండు.