పదకొండు గంటల పోటు

నలభై మంది పిల్లల ముందు టీచరు గీసిన బొమ్మను, అతిథిగా వచ్చినవాడు లేచి చెరిపేస్తే ఆ టీచరుకు ఎలా ఉంటుంది? జాబేజ్‌కి ఆ ఆలోచనే రాలేదు. పాపం, మనవాడి ధ్యాసంతా డస్టర్ ఎక్కడుందా అన్నదాని మీదే ఉంది.

కోల్‌కతా న్యూ టౌన్‌లోని ఆ స్కూల్లో ఆ రోజు ఏడో తరగతికి వరదల పాఠం. చెబుతున్నది కారుణ్య. కరీంనగర్ నుంచి వచ్చి ఏడాది కావస్తోంది, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. పాఠం చివర వరదలను అదుపుచేసే ఇంజనీర్ల గురించి ఒక పేజీ ఉంది. ఫొటో చూపించడం కన్నా నిజం మనిషిని చూపిస్తే పిల్లలు మరిచిపోరని, గంగ ఒడ్డున ఊరి కాలువకు అడ్డంగా ఉండే లాక్‌గేటును చూసుకునే డ్రైనేజీ ఇంజనీరు జాబేజ్‌కు తనే లెటర్ రాసి పిలిపించింది. కోరి కొరివితో తల గోక్కున్నానని పది నిమిషాల్లో తెలుసుకుంది.

వాన నీళ్ళన్నీ పడమర గంగలోకి పోతాయని బోర్డు మీద ఆమె బాణం గుర్తు వేసింది. జాబేజ్ ఎంతో వినయంగా 'ఎక్స్‌క్యూజ్ మీ' అని మరీ దాన్ని తుడిచాడు. కోల్‌కతా గంగ వైపు కాదు, తూర్పు వైపు వాలి ఉందనీ, నీళ్ళలో ఎక్కువ భాగాన్ని పంపులతో అటే పంపిస్తారనీ, ఒడ్డు దగ్గరి వీధుల నీళ్ళు మాత్రమే తన గేటు దాకా వస్తాయనీ చెప్పాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక బెంచీలో కూర్చున్న ప్రిన్సిపాల్ మేడం ఫైల్లో ఏదో రాసుకుంది. కారుణ్య నోరు విప్పలేదు.

రాసిందేమిటో సాయంత్రానికి తెలిసింది. సబ్జెక్టు మీద పట్టు లేదట. జులై ఆఖరులోగా ప్రిన్సిపాల్ ఎదుట ఇంకో ఓపెన్ క్లాసు చెప్పాలి. అదీ బాగా రాకపోతే ఉద్యోగం పర్మనెంట్ కాదు. ఉద్యోగం నిలబడకపోతే మారుమాట లేకుండా ఇంటికి వచ్చేస్తానని ఆమె బయలుదేరే ముందే నాన్నకు మాటిచ్చింది. పిల్లలకు పాఠం చెప్పడం తప్ప ఆమెకు వేరే ఏ పనీ ఇష్టం లేదు. ఆ రాత్రి ఆమెకు అన్నం సయించలేదు.

మర్నాడు స్కూలు వదలగానే తిన్నగా గంగ ఒడ్డున లాక్‌గేటు దగ్గరికి వచ్చింది. స్కూలు వరండాలో జాబేజ్ వాళ్ళమ్మతో ఫోన్లో 'ఏటమ్మా, తింటానులే' అనడం విని ఉంది కాబట్టి ఏ భాషలో దులపాలో ఆమెకు అనుమానం లేదు.

"మీరు తుడ్సింది బాణం ఒక్కటే కాదు సార్. నా నౌకరీ గూడ పోయేటట్టుంది."

విషయమంతా విని జాబేజ్ ముందు బిత్తరపోయాడు, తర్వాత బింకానికి పోయాడు. "తప్పు కనపడితే తుడిచేసేను. పిల్లలకి అలగ తప్పే నేర్పించమంటారేటి?"

"తప్పుంటే చెవుల చెప్పాలె. నలభై మంది ముంగట గాదు."

ఇనప చక్రానికి గ్రీజు రాస్తున్న కూర్మయ్య తల ఎత్తాడు. శ్రీకాకుళం నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా ఆ గేటును ఎత్తీ దించీ చేస్తున్న ఆపరేటరు ఆయన. ఇంజనీర్లు మారుతుంటారు, కూర్మయ్య మారడు.

"ఆయమ్మ సెప్పింది నిజమే బాబూ. సెమించమని అడిగీ," అన్నాడు.

జాబేజ్ అడిగాడు. నిజంగానే సిగ్గుపడి అడిగాడు. ఓపెన్ క్లాసు ఇక్కడే, ఈ గేటు దగ్గరే పెట్టమనీ, పాఠం మొత్తం తనే దగ్గరుండి నేర్పుతాననీ అన్నాడు. కారుణ్య కాసేపు బెట్టు చేసింది. చివరికి రేపటి నుంచే మొదలుపెట్టమంది.

పాఠం పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. సముద్రం పోటెత్తినప్పుడు గంగ ఊరి కాలువల కన్నా పైకి లేస్తుంది. అప్పుడు గేటు తెరిచి ఉంటే గంగే వీధుల్లోకి వచ్చేస్తుంది కాబట్టి గేటు దించాలి. ఆటుకు నది దిగాక మళ్ళీ ఎత్తాలి. ఈ పోటు రోజూ ఒకే వేళకు రాదు, ముప్పావు గంటో ఇంకాస్తో వెనక్కి జరుగుతూ పోతుంది. దాంతోపాటే జాబేజ్ భోజనమూ, నిద్రా, క్షవరమూ జరుగుతూ ఉంటాయి. నది అవతల లిలువాలో ఉండే వాళ్ళమ్మ యూనిస్‌కి అదే బెంగ. కొడుకు ఒక ఆదివారం చర్చికి మొదటి పాటకే వస్తాడు, ఇంకో ఆదివారం అందరూ చెప్పులు వేసుకునే వేళకు వస్తాడు. ఇలాంటివాడికి పిల్లనెవరిస్తారని ఆవిడ పాస్టరుగారిని కూడా అడిగిందట.

ఇదంతా కారుణ్యకు రెండు రోజుల్లో అర్థం కావాలి. అయినా సందేహాలు మాత్రం తరగలేదు. వారానికి నాలుగుసార్లు వచ్చేది. నదిలో పూడిక ఎంత అని అడిగేది, గేటు బరువెంత అని అడిగేది, దామోదర్ నది మీద ఆనకట్టలు ఎందుకు కట్టారని అడిగేది. వానలో తడుస్తూ వచ్చి మరీ అడిగేది. జాబేజ్ ఆమె 'ఎర్క' అంటే నవ్వేవాడు. ఆమె అతని 'ఏటి'ని నోటుబుక్కులో లెక్కపెట్టి, ఈరోజుకు ఇరవై ఆరు అని చెప్పేది. వాళ్ళిద్దరి మధ్యా టీ గ్లాసులు పెట్టి కూర్మయ్య గొడుగు తీసుకుని బయటికి పోయేవాడు. అంత వానలో ఆయనకు బయట పనేముందో ఇద్దరిలో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

క్లాసు తేదీ ఖాయమైంది. ఇక పోటు వేళ చూడాలి. దానికో పుస్తకం ఉంది. ఏ రోజు ఏ గంటకు పోటో ఏడాదికి సరిపడా అందులో అచ్చువేసి ఉంటుంది. సముద్రం ఒడ్డున ఉన్న సాగర్‌కి ఒక పేజీ, కోల్‌కతాకి ఒక పేజీ. జాబేజ్ తను చూసి చెబుతానన్నాడు. టేబుల్ చదవడం టీచరుకు రాదా అని కారుణ్య పుస్తకం లాక్కుని, అతని ఎదురుగానే కూర్చుని వేళ రాసుకుంది. పదకొండుకు పోటు, కాబట్టి పది దాటగానే గేటు దించుతారు, బస్సు పదింటికి వస్తుంది అంది. జాబేజ్ అలాగేనన్నాడు. అర్ధరాత్రి అన్నా అలాగే అనేవాడు.

అనుకున్న రోజున పదింటికి బస్సు వచ్చింది. నలభై మంది పిల్లలు దిగారు, గొడుగుతో ప్రిన్సిపాల్ మేడం దిగింది. కారుణ్య గడగడా పాఠం మొదలుపెట్టి, ఇప్పుడు గంగ ఎలా లేస్తుందో చూడండని చెయ్యి చూపించింది.

గంగ లేవలేదు. ఘాట్ మెట్లు అడుగు దాకా కనిపిస్తున్నాయి, కింద బురదలో కాకులు తిరుగుతున్నాయి. గేటు బార్లా తెరిచి ఉంది. పదిన్నర అయింది. పిల్లలు గుసగుసలాడటం మొదలుపెట్టారు. జాబేజ్ లోపలికి పరిగెత్తి పుస్తకం తెరిచి చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. కారుణ్య రాసుకున్నది సాగర్ పేజీలో వేళ. అక్కడ లేచిన పోటు నది వెంట ఇక్కడిదాకా రావడానికి నాలుగు గంటలు దాటుతుంది. రోజూ ఇదే పని చేసేవాడు, ఆమె పదకొండు అనగానే అడ్డు చెప్పాల్సినవాడు, ఆ వేళ ఏం చూస్తూ కూర్చున్నాడో అతనికి బాగా తెలుసు.

బయట ప్రిన్సిపాల్ మేడం ఎదురుగా నిలబడి ఉంది. గేటు ఎందుకు దించలేదని ఇంగ్లీషులో అడిగింది. ఆవిడ చేతిలో అదే ఫైలు ఉంది. ఈ పిల్ల ఉద్యోగం పోతే కరీంనగర్ వెళ్ళిపోతుంది అన్నదొక్కటే అతని బుర్రలో తిరిగింది. గేటు మోటారు చెడిపోయిందనీ, తప్పంతా తమదేననీ, టీచరుగారు చెప్పింది మాత్రం సరిగ్గానే ఉందనీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. తను రోజూ చూసుకునే మోటారు పేరు వినగానే కూర్మయ్య ముఖం మాడిపోయింది.

ప్రిన్సిపాల్ తల ఊపింది. సరే, వెనక్కి పోదామని బస్సు వైపు తిరిగింది. అక్కడితో గండం గడిచినట్టే.

కారుణ్య జాబేజ్ చేతిలోంచి పుస్తకం తీసుకుంది. పేజీ చూసింది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

"మోటారు బాగానే ఉంది మేడం," అంది ఇంగ్లీషులో, పిల్లలందరికీ వినపడేలా. "నేను సాగర్ పేజీ చూసి వేళ రాసుకున్నాను. తప్పు నాది."

అంతటితో ఆగలేదు. పిల్లల వైపు తిరిగి, పోటు ఇప్పుడు సముద్రం దగ్గర ఉంది, మన వైపు వస్తోంది, ఎన్నింటికి చేరుతుందో మీరే లెక్కకట్టండి అంది. ప్రిన్సిపాల్ గడియారం చూసుకుని, టిఫిన్ బాక్సులు బస్సులోనే ఉన్నాయి కదా అని మాత్రం అంది. కూర్మయ్య లోపలినుంచి కుర్చీ తెచ్చి వేశాడు.

ఇక చూడాలి ఆ సందడి. పిల్లలు సుద్దముక్కలతో ఘాట్ మెట్లకు అంకెలు వేశారు. పదకొండు దాటాక లంగరు వేసిన పడవలు ఒక్కొక్కటే ముక్కు తిప్పుకుని దక్షిణానికి తిరిగాయి. పోటు మొదలైందంటే ఇదే గుర్తని కూర్మయ్య చెబితే, తాతయ్యను పిలిచినట్టు దాదూ దాదూ అంటూ అందరూ ఆయన చుట్టూ చేరారు. ఒంటిగంటకు నాలుగో మెట్టు మునిగింది. ఆ తర్వాత మెట్లు చకచకా మునగసాగాయి. మూడు దాటాక నిండే పోటుకు ముందే, రెండు కావస్తుండగా గేటు దించారు. సరిగ్గా అప్పుడే కుండపోతగా వాన మొదలైంది.

గేటు మూస్తే ఈ వాన నీళ్ళు ఎటు పోతాయని ఒక అమ్మాయి అడిగింది. కాసేపు వీధుల్లోనే ఆగుతాయనీ, ఆ కాసేపూ జనం తమను తిట్టుకుంటారనీ జాబేజ్ చెప్పాడు. మరి మీ ఫొటో ఏ పుస్తకంలో ఉంది అని ఇంకో పిల్ల నిలదీసింది.

"మేం పని బాగా చేస్తే మా ఫొటో ఎక్కడా పడదు," అన్నాడు జాబేజ్. "నీళ్ళు నిలిచిపోతే పేపర్లో పడుతుంది."

పిల్లలు నవ్వారు. కారుణ్య నవ్వలేదు, అతన్నే చూస్తూ నిలబడింది.

బస్సెక్కే ముందు ప్రిన్సిపాల్ ఆమెను పక్కకు పిలిచింది. "మొదటిసారి నీకు తెలియలేదు, మాట్లాడకుండా నిలబడ్డావు. ఈసారి తెలియలేదని చెప్పి, మళ్ళీ పాఠం చెప్పావు. నాకు ఈ రెండో టీచరు కావాలి," అంది. ఒకటో తారీఖు నుంచి పర్మనెంట్. ఈరోజుకు ఇక్కడినుంచే ఇంటికి వెళ్ళమని, పిల్లల్ని తనే తీసుకుపోయింది.

బస్సు మలుపు తిరిగేదాకా ఆగి కారుణ్య జాబేజ్ కూర్చున్న గేటు గదిలోకి వచ్చింది. జడలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"అబద్ధమెందుకు చెప్పినవ్?" మీరు, సార్ రెండూ ఎప్పుడో వానలో కొట్టుకుపోయినట్టున్నాయి.

"నువ్వెల్లిపోతావని."

"ఇంకెప్పుడు నాకోసం అబద్ధం చెప్పకు. నేను నిజం చెప్తుంటే పక్కన నిలబడు, చాలు."

"అయితే ఒక నిజం చెప్పేదా?" అన్నాడు జాబేజ్. గ్లాసులోని చల్లారిన టీ గటగటా తాగాడు. "నువ్వెల్లిపోతే నాకేటీ అవదు. తింటాను, తొంగుంటాను, గేటు దించుతాను. అన్నీ చేస్తాను. కానీ ఏదీ బాగుండదు. నువ్వంటే నాకు చాలా ఇష్టం కారుణ్యా."

కిటికీ అవతల గొడుగు కింద నిలబడ్డ కూర్మయ్య ఇక ఉండబట్టలేకపోయాడు.

"నిజమేనమ్మా. నెల్లాళ్ళనుంచి గడియారం సూసి గేటు దించతన్నది నాను. ఈ బాబు రోడ్డు సూస్తన్నాడు."

జాబేజ్ తల దించుకున్నాడు. కారుణ్య పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంటూ, తడిసిన పుస్తకాన్ని చున్నీతో తుడిచి బల్ల మీద పెట్టింది.

"నాకు గూడ ఒక నిజం చెప్పేది ఉంది. ఈ పోటు, ఆటు, గేటు అంతా నాకు రెండో రోజే సమజైంది."

"రెండో రోజే తెలిసిపోతే మరి ఇన్నాళ్ళూ ఆ సందేహాలన్నీ ఏటి?"

"ఈరోజుకు ఇరవై ఏడు," అంది కారుణ్య.

"లెక్క తర్వాత. అంత తెలిసినదానివి సాగర్ పేజీ ఎలా చూసేవు?"

కారుణ్య ముఖం ఎర్రబడింది.

"పేజీ ఎవరు చూసిన్రు? ఎదురుంగ నువ్వు కూసున్నవ్ గద."